కట్టాలనుకున్నవాళ్ళే మునిగారు

"తెచ్చుకునేటప్పుడు తెల్వదా?"

అప్పులతో ఒక ఇల్లు కూలిందని తెలియగానే మన ఉత్తర తెలంగాణలో ముందుగా వినపడే మాట ఇది. కులపెద్ద అంటాడు, బ్యాంకు మేనేజరు అంటాడు, ఠాణాలో దరఖాస్తు తీసుకునే కానిస్టేబులు అంటాడు, తోడబుట్టినవాళ్ళూ అంటారు. ఈ రెండు ముక్కల వెనక పెద్ద సిద్ధాంతమే ఉంది. నాలుగైదు చోట్ల బాకీ పడ్డ మనిషికి చేతి అదుపు లేదని, అలాంటివాళ్ళకు సాయం చేస్తే ఇంకా చెడిపోతారని, ఒకరికి వెసులుబాటు ఇస్తే ఊరు ఊరంతా ఎగ్గొడుతుందని. చదువుకున్నవాళ్ళు దీన్నే రుణ క్రమశిక్షణ అని గౌరవంగా పిలుస్తారు. ఏ పేరుతో పిలిచినా ఇది తప్పుడు సిద్ధాంతం. ప్రాణాలు తీస్తున్న సిద్ధాంతం కూడా కాబట్టి దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడానికి వీల్లేదు.

ఎగ్గొట్టాలనుకున్న మనిషికి రెండో అప్పుతో పనేముంది? మొదటి బాకీ కట్టకుండా ఇంట్లో కూర్చుంటే సరిపోతుంది. రెండో చోట చెయ్యి చాచేది మొదటి కిస్తీ తప్పకూడదని. మూడో చోటికి పోయేది రెండోది తప్పకూడదని. బాకీలు ఒకటి నాలుగవుతున్నాయంటే ఆ ఇల్లు కట్టడానికే తన్నుకులాడుతోందని అర్థం. మనం ఎవరిని బాధ్యత లేనివాళ్ళంటున్నామో వాళ్ళు మిగతా అందరికంటే ఎక్కువే కట్టి ఉంటారు. నమ్మనివాళ్ళు నాతోపాటు లెక్క వేయండి.

ఫోనులో దొరికే ఏడు రోజుల అప్పు తీసుకుందాం. ఐదు వేలు మంజూరైందంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ, ఇంకేవో ఛార్జీల కింద పదిహేను వందలు ముందే కోసుకుని 3,500 ఖాతాలో వేస్తుంది. వారం తిరిగేసరికి 5,000 కట్టాలి. అంటే చేతికొచ్చిన నూరు రూపాయలకు వారానికి 43 రూపాయల మిత్తి. నూటికి మూడు రూపాయలు గుంజే మన సావుకారి కూడా అది నెలకు అడుగుతాడు. వారం నాటికి 5,000 జమ కాలేదు. కట్టాలనుకున్న మనిషి ఇంకో యాప్ తెరుస్తాడు. అదే కోత మీద 5,000 చేతికి రావాలంటే 7,143 రూపాయల అప్పు కావాలి. అది తీర్చడానికి మూడో వారం 10,204. నాలుగో వారం 14,577. ఐదో వారానికి బాకీ 20,825. మొత్తం మీద అతను వాడుకున్నది ఆ మొదటి 3,500 మాత్రమే. ఈ ఐదు వారాల్లో ఒక్క వాయిదా తప్పలేదు, ఒక్క రూపాయి కొత్తగా ఖర్చు పెట్టుకోలేదు. ఇందులో అదుపు తప్పింది ఎవరు?

2020 డిసెంబరులో తెలంగాణలో వరుసగా ఆత్మహత్యలు జరిగాకే ఈ యాప్‌ల కాల్ సెంటర్ల మీద హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు దాడులు చేశారు. చైనా దేశస్థులు కూడా అరెస్టయ్యారు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన కార్యబృందం 2021 తొలి రెండు నెలల్లో యాప్ స్టోర్లు గాలిస్తే అప్పులిచ్చే యాప్‌లు సుమారు 1,100 కనిపించాయి. వాటిలో 600 అక్రమమైనవని తేల్చింది. ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, ఫొటోలు మార్చి బంధువులకు పంపి ఇజ్జత్ తీసినవాళ్ళు ఇలాంటివాళ్ళే. వాళ్ళ చేతిలో పడ్డ మనిషిని మనం మళ్ళీ నిలదీస్తాం, తెల్వదా అని.

యాప్ కొత్తది. గిరిగిరి పాతది. పది వేలు రాసుకుని వెయ్యి కోసి తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేసే దందా ఇది. కూరగాయల బండి దగ్గర, టిఫిన్ సెంటర్ దగ్గర, కిరాణం ముందు సాయంత్రం బండి ఆగుతుంది, చిన్న కార్డు మీద టిక్కు పడుతుంది. "పది శాతమే కదా" అని ఇచ్చేవాడూ అంటాడు, తీసుకునేవాడూ అనుకుంటాడు. రోజూ అసలు తగ్గుతూ ఉండగా నూరు రోజుల్లోనే వెయ్యి మిత్తి పోతోంది కాబట్టి ఏడాది లెక్కన అది 80 శాతానికి దగ్గర పడుతుంది. మధ్యలో ఒక వారం జ్వరం వచ్చి బండి పెట్టకపోతే పాత కార్డు చెల్లగొట్టి కొత్త కార్డు రాస్తారు. మళ్ళీ వెయ్యి కోత.

అయితే ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన అప్పు ఇంకోటుంది. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి బొగ్గుబావుల చుట్టూ జీతం మీద ఇచ్చే అప్పు. కుదువ పెట్టేది బంగారం కాదు, ఏటీఎం కార్డు. దాంతోపాటు పాసుబుక్కు, సంతకం చేసిన ఖాళీ చెక్కు, ఖాళీ ప్రామిసరీ నోటు. జీతం పడిన రోజు కార్డు సావుకారి చేతిలోనే ఉంటుంది. అతను తనది తీసుకుని, మిగిలింది ఇస్తాడు. మిగిలినదాంతో నెల గడవదు కాబట్టి మళ్ళీ అతని దగ్గరే తీసుకోవాలి. అమెరికాలో, ఇంగ్లండులో దుకాణాలు పెట్టి నడిపే జీతపు అప్పు ఇదే. కాకపోతే ఇంగ్లండులో దానికి హద్దు గీశారు. 2015 జనవరి నుంచి అక్కడ అలాంటి అప్పు మీద మిత్తి, ఫీజులు, జరిమానాలు అన్నీ కలిపినా అసలును మించి వసూలు చేయడానికి లేదు.

"సింగరేణి జీతం ఉండి అప్పులేంది?" అని ఇక్కడ ఇంకో ఎత్తిపొడుపు. మొదటి అప్పు ఆసుపత్రికి కావచ్చు, బిడ్డ పెళ్ళికి కావచ్చు, కొడుకును గల్ఫ్ పంపడానికి కావచ్చు. తాగుడుకు చేసినవి ఉన్నాయి, విందుల గొప్పకు చేసినవి ఉన్నాయి. నేను కాదనను. కానీ పై లెక్కలో మొదటి 3,500 మందులకు పోయిందో మందుకు పోయిందో చూసి మిత్తి తగ్గలేదు. ఐదో వారానికి 20,825 కావడానికి కారణం కోత, గడువు. కారణం అక్కడుండగా మనం మనిషి గుణాన్ని విచారిస్తున్నాం.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకున్న సావుకారి సైతం జీతం మొత్తం ముట్టుకోలేడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. పీఎఫ్ ముట్టరాదు. నేతగాని పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, వండుకునే గిన్నెలు, పరుపులు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని నగ ముట్టరాదు. న్యాయమూర్తికే లేని అధికారం ఏటీఎం కార్డు పట్టుకున్న మనిషికి ఎక్కడిది? తెలంగాణలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలని నిజాం కాలంలోనే, 1349 ఫస్లీలో చట్టం వచ్చింది. ఆదిలాబాద్ ఏజెన్సీ లాంటి షెడ్యూల్డు ప్రాంతాలకు 1960లో వేరే రెగ్యులేషన్ ఉంది. లైసెన్సు చూపించమని గిరిగిరి బండిని ఆపినవాళ్ళను నేనైతే చూడలేదు. అప్పు కట్టలేకపోతే జైలే అని బెదిరిస్తారు. కట్టే స్తోమతు నిజంగా లేని మనిషిని సివిల్ బాకీ కోసం జైలుకు పంపడం తగదని సుప్రీంకోర్టు 1980లోనే, జాలీ జార్జి వర్గీస్ కేసులో, జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో చెప్పింది. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్ళను అరెస్టు చేయడానికి అసలే లేదు. ఖాళీ చెక్కు మాత్రం ప్రమాదమే. అది బౌన్సయితే వేరే చట్టం కింద క్రిమినల్ కేసు నడుస్తుంది. అందుకే వాళ్ళు దాన్ని ముందే రాయించుకుంటారు.

చదువు లేక, లోకం తెలియక చిక్కుకుంటారనేవాళ్ళకు 2015 కరీంనగర్ గుర్తుండాలి. ఒక ప్రైవేటు పాఠశాల నిర్వాహకుడు ప్రాణం తీసుకున్న తర్వాత, పోలీసుశాఖలో ఏఎస్సైగా ఉన్న వ్యక్తి సాగించిన వడ్డీ వ్యాపారం బయటికొచ్చింది. అప్పు కింద ఆస్తులు రాయించుకున్నారన్న ఆరోపణల మీద సీఐడీ దర్యాప్తు జరిగింది. బడి నడిపిన మనిషికి చదువు తక్కువా? అప్పు ఇచ్చినవాడే ఖాకీ తొడుక్కుని ఉంటే ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

ఇప్పుడు అవతలివాళ్ళ పెద్ద సాక్ష్యానికి వస్తాను. 2010 చూడలేదా అంటారు. ఆ ఏడాది ఆడవాళ్ళ గ్రూపులకు అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, అక్టోబరు 15న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఇంటి మీదికి పోయి వసూలు చేయవద్దంది, మిత్తి అసలును మించరాదంది. వసూళ్ళు కుప్పకూలాయి. "చూశారా, కాస్త సందిస్తే అందరూ ఎగ్గొట్టారు" అని ఆనాటి నుంచి ఈనాటి దాకా పాఠం చెబుతూనే ఉన్నారు.

ఆ పాఠంలో సగం పేజీ చింపేశారు. ఆడవాళ్ళ దగ్గర కిస్తీలు ఆగిపోయాక ఆ సంస్థలు తాము బ్యాంకులకు కట్టాల్సిన వేల కోట్లు కట్టలేకపోయాయి. వాటికీ ఒకటి కాదు, ఎన్నో బ్యాంకుల్లో అప్పులు. అప్పుడు బ్యాంకులు వాటిని తెచ్చుకునేటప్పుడు తెల్వదా అని అడగలేదు. 2011లో స్పందన, షేర్, అస్మిత లాంటి సంస్థలకు కార్పొరేట్ రుణ పునర్వ్యవస్థీకరణ కింద అప్పులిచ్చిన బ్యాంకులన్నీ కలిసి కూర్చుని గడువు పెంచాయి, షరతులు మార్చాయి. స్పందన ఆ ఏర్పాటులోంచి 2017లో తేరుకుని బయటపడింది. ఎవరూ దాన్ని ఎగవేత అనలేదు, వ్యాపార వివేకం అన్నారు. నిజంగానే వివేకం అది. నాలుగు చోట్ల బాకీ ఉన్నవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, కట్టగలిగినంత కట్టించుకుంటే బాకీ తీరుతుందని ఆ సంస్థ విషయంలో రుజువైంది. అదే సంస్థల దగ్గర నాలుగు గ్రూపుల్లో బాకీ పడ్డ సిరిసిల్ల, జగిత్యాల ఆడవాళ్ళకు ఆ కుర్చీ ఎవరూ వేయలేదు. ఆర్డినెన్స్ వసూళ్ళను ఆపింది కానీ తీర్చే దారి చూపలేదు. ప్రభుత్వాన్ని తప్పుపట్టాలంటే అక్కడ పట్టాలి.

తేడా ఇప్పటికీ అలాగే ఉంది. 2016 దివాలా స్మృతి కింద కంపెనీ చేతులెత్తేస్తే అప్పులవాళ్ళ వసూళ్ళన్నీ ఆగిపోతాయి, పరిష్కారానికి 330 రోజుల దాకా గడువుంటుంది. అదే చట్టంలో పేదల కోసం ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 రూపాయలు దాటనివాళ్ళు కొత్తగా బతుకు మొదలుపెట్టుకునే వీలు. ఆ అధ్యాయాన్ని ఇప్పటిదాకా అమల్లోకి తేలేదు. సామాన్యుడికి మిగిలింది తెల్లవాళ్ళు 1920లో చేసిన ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే, మనం ఐపీ అంటామే, అది. కంపెనీ దివాలా తీస్తే పత్రికలో వాణిజ్య వార్త. మనిషి ఐపీ పెడితే ఆ ఇంటి బిడ్డకు సంబంధం తప్పిపోతుంది.

ఇచ్చేవాళ్ళకు బాధ్యత ఉందని చట్టం కూడా ఒప్పుకుంది. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పుల్లో ఒక కుటుంబం నెలకు కట్టే కిస్తీలన్నీ కలిపి దాని నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇచ్చేముందు క్రెడిట్ బ్యూరోలో పాత బాకీలు చూసుకోవాల్సింది ఇచ్చే సంస్థే. కాబట్టి ఆదాయంలో ముప్పాతిక కిస్తీలకే పోతున్న ఇంటికి నాలుగో గ్రూపు లోను ఇచ్చినవాళ్ళకు అన్నీ తెలుసు. తెల్వదా అన్న ప్రశ్న వాళ్ళను అడగాలి. ఈ అప్పులకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. అనుకున్న చోటికి వరసగా రెండుసార్లు రాకపోతే తప్ప ఇంటి గడప తొక్కకూడదు. ఈ సంగతి గ్రూపు సభ్యుల్లో ఎంతమందికి చెప్పారు?

సాయం అంటే నేను మాఫీ అడగడం లేదు. యూట్యూబులో కొందరు చెబుతున్నట్టు సిమ్ తీసేయండి, ఎవరికీ కట్టకండి అనడమూ లేదు. దానివల్ల నిజంగా చట్టబద్ధమైన బాకీ కూడా పెరిగి, పేరు చెడి, రేపు బ్యాంకు తలుపు మూసుకుపోతుంది. ముందు ఫీజు కడితే మీ బాకీలన్నీ సగానికి సెటిల్ చేస్తామనే ఏజెంట్లను అసలే నమ్మవద్దు, అది ఇంకో బాకీ. సాయం అంటే పక్కన కూర్చుని ఒక కాగితం మీద లెక్క రాయించడం. అది ఎలా ఉంటుందో చూపిస్తాను.

జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇల్లు అనుకుందాం, భర్త దుబాయిలో. ఇంటికి నెలకు 18,000 వస్తుంది. వీసా కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది లక్షన్నర, దాని మిత్తే నెలకు 4,500. రెండు గ్రూపు లోన్ల కిస్తీలు 2,300, 1,900. గిరిగిరి రోజుకు వంద, ఇంకో నలభై రోజులుంది. యాప్ బాకీ 5,000. అక్క దగ్గర చేబదులు 20,000. ఇప్పుడు ఈమె ఎవరికి ముందు కడుతోంది? ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకు, అంటే యాప్‌కు. ఎవరికి కడితే భారం దిగుతుందో వాళ్ళకు కాదు. కాగితం మీద పెడితే వరస మారుతుంది. కొత్త అప్పు తలుపు ముందు మూయాలి. యాప్ రిజర్వు బ్యాంకు జాబితాలో ఉన్న సంస్థదా కాదా చూడాలి. కాకపోతే, తిట్లు, ఫొటోలు మొదలైతే, స్క్రీన్‌షాట్లు దాచి 1930కి ఫోను చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు పెట్టాలి, కాంటాక్టుల అనుమతి తీసేయాలి. గిరిగిరి నలభై రోజులు లాగి పూర్తి చేస్తే నెలకు 3,000 చేతిలో మిగులుతుంది, మళ్ళీ కార్డు రాయించుకోకూడదు. అసలు పని వీసా అప్పు దగ్గర ఉంది. నెలనెలా 4,500 కడుతున్నా అందులో అసలు ఒక్క రూపాయి కదలదు. అదే లక్షన్నరను మహిళా సంఘం బ్యాంకు లింకేజీలోనో స్త్రీనిధిలోనో ఏడాదికి 12 శాతం మిత్తికి మార్చుకోగలిగితే, నెలకు సుమారు 5,000తో మూడేళ్ళలో అసలూ మిత్తీ రెండూ తీరిపోతాయి. అక్కకు మాత్రం నిజం చెప్పి గడువు అడగాలి. అక్క ఫొటోలు మార్చదు. ఎగ్గొట్టింది ఎవరిది? ఎవరిదీ కాదు.

ఇంత చిన్న లెక్క ఆమె ఎందుకు వేసుకోలేదంటే, ఒక బాకీ సంగతి ఇంకొకరికి తెలియకుండా దాస్తూ వచ్చింది కాబట్టి. దాచింది మనకు భయపడి. అన్నకు తెలిస్తే తిడతాడు, భర్తకు తెలిస్తే అక్కడ నిద్రపోడు, సంఘంలో తెలిస్తే గ్రూపులోంచి తీసేస్తారు. మనం క్రమశిక్షణ అనుకుంటున్న ఆ ఎత్తిపొడుపే ఆమె నోరు కట్టేసి మళ్ళీ యాప్ దగ్గరికి పంపింది. ఇంగ్లండులో స్టెప్‌చేంజ్ అనే స్వచ్ఛంద సంస్థ బాకీదారుల పక్కన ఉచితంగా కూర్చుని ఇదే కాగితం రాయిస్తుంది. 2021 మే నుంచి అక్కడి చట్టం సలహా తీసుకునేవాళ్ళకు అరవై రోజుల ఊపిరి కూడా ఇస్తోంది, ఆ రోజుల్లో మిత్తి పెరగదు, వసూలుకు రాకూడదు.

మనకు ముక్కలు ముక్కలుగా అన్నీ ఉన్నాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, దళితులకు, ఆదివాసులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలు ఉచితం. నంబరు 15100. సింగరేణి కార్మికుడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ వేధిస్తే ముందు ఆ సంస్థకే రాసి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు పెట్టవచ్చు, వివరాలకు 14448. లీడ్ బ్యాంకుల ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలున్నాయి. సన్నకారు రైతులు, కూలీలు, గ్రామీణ చేతివృత్తులవాళ్ళ ప్రైవేటు అప్పుల కోసం 2016లో రుణ విమోచన కమిషన్ చట్టం చేసుకున్నాం. వీటన్నిటినీ ఒక బల్ల దగ్గరికి తెచ్చే పని మాత్రం ఎవరూ చేయడం లేదు.

మన ఉత్తర తెలంగాణ జిల్లాల కలెక్టర్లను, న్యాయసేవాధికార సంస్థలను అడుగుతున్నాను. నెలకు ఒక రోజు మండల కేంద్రంలో ఆ బల్ల వేయండి. బ్యాంకు మనిషి, వకీలు, మహిళా సమాఖ్య లెక్కలు రాసే అమ్మాయి, ఒక ఎస్సై కూర్చుంటే చాలు. సింగరేణి యాజమాన్యాన్ని, కార్మిక సంఘాలను అడుగుతున్నాను. ప్రతి ఏరియాలో కార్మికుడి ఏటీఎం కార్డు కార్మికుడి చేతికి తిరిగి ఇప్పించడం మీ డిమాండ్ల పత్రంలో రాయండి. ఇది చదువుతున్న మిమ్మల్నీ అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ వాడలో ఒకరు ఫోను మోగితే ఉలిక్కిపడుతుంటే, ఎంత ఉందని, ఎవరెవరికని నిమ్మళంగా అడగండి. బతకాలని లేదన్న మాట వాళ్ళ నోట వస్తే లెక్కలు పక్కన పెట్టి ముందు 14416కు ఫోను చేయించండి. అది టెలిమానస్, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు.